నియమించిన పాలకుడు, ఎన్నుకున్న పాలకుడు: అమెరికా కొత్త రాష్ట్రాల తొలి గవర్నర్ ఎన్నికలు

1820 ఆగస్టు 28న మిస్సోరి ఓటర్లు తమ తొలి గవర్నర్‌ను ఎన్నుకున్నారు. ఓడిపోయినవాడు విలియం క్లార్క్. మెరివెదర్ లూయిస్‌తో కలిసి పసిఫిక్ తీరం దాకా వెళ్లి, 1806లో సెయింట్ లూయిస్‌కు తిరిగొచ్చిన ఆ క్లార్కే. 1813 నుంచి ఆ ప్రాంతానికి గవర్నర్ కూడా అతనే. అంత పేరున్న మనిషికి పడ్డ ఓట్లు 2,656. ఒకప్పుడు షెరీఫ్‌గా పనిచేసిన అలెగ్జాండర్ మెక్‌నెయిర్‌కు 6,576.

ఈ ఓటమికి చాలాకాలంగా వినిపిస్తున్న కారణం ఒకటుంది. దూరాన ఉన్న రాజధాని పంపిన పాలకుణ్ని జనం ఓటు చేతికి రాగానే దింపేశారనేది ఆ కారణం. మిస్సోరికి ముందు ఇండియానాలో, తరువాత ఫ్లోరిడా, మిన్నెసోటా, కాన్సస్‌లలో జరిగినవాటినీ ఇదే వరుసలో చేర్చి, పందొమ్మిదో శతాబ్దపు తొలి గవర్నర్ ఎన్నికలన్నింటినీ స్వపరిపాలన సాధించిన విజయగాథగా చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ రాష్ట్రాల వారీగా చూస్తూ పోతే ఈ కథ సగం దాకానే నిలబడుతుంది. మిగతా సగాన్ని నడిపింది భూమి.

ముందు వ్యవస్థ సంగతి. తెలుగు పాఠకులకు గవర్నర్ అనగానే రాజ్‌భవన్ గుర్తొస్తుంది, రాష్ట్రపతి నియామకం గుర్తొస్తుంది. నిజానికి మన రాజ్యాంగ సభ కూడా మొదట్లో ప్రజలే ఎన్నుకునే గవర్నర్ ఉండాలని అనుకుంది. 1949 మే నెలలో ఆ ఆలోచన మానుకుని నియామకానికి మారింది. అందుకే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సి.ఎం. త్రివేది నియామకం మీదే గవర్నర్‌గా వచ్చారు. అమెరికాలో ఈ రెండు పద్ధతులూ ఒకే నేల మీద ఒకదాని వెనక ఒకటి నడిచాయి. 1787 నాటి వాయవ్య ఆర్డినెన్స్ ప్రకారం కొత్తగా కలిసిన ప్రాంతం మొదట టెరిటరీ అవుతుంది. గవర్నర్‌నూ, కార్యదర్శినీ, ముగ్గురు న్యాయమూర్తులనూ కేంద్రమే నియమిస్తుంది. వయసొచ్చిన స్వేచ్ఛాయుత పురుషులు 5,000 మంది అయ్యాక ఎన్నికైన సభ వస్తుంది, కానీ ఆ సభ చేసే ఏ చట్టాన్నైనా గవర్నర్ పూర్తిగా ఆపేయగలడు. కాంగ్రెస్‌కు ఒక ప్రతినిధిని పంపవచ్చు, అతనికి మాట్లాడే హక్కే తప్ప ఓటు లేదు. జనాభా 60,000 దాటితే రాష్ట్ర హోదా అడగవచ్చు. అప్పుడు మొదటిసారిగా గవర్నర్ పదవి ప్రజల ఓటుకు వస్తుంది.

వాయవ్య టెరిటరీ నుంచి పుట్టిన మొదటి రాష్ట్రం ఒహాయో. అక్కడ 1788 నుంచి ఆర్థర్ సెయింట్ క్లెయిర్ గవర్నర్. ఫెడరలిస్టు, మొండివాడు, ఆ ప్రాంతం ఇంకా రాష్ట్రం కావడానికి సిద్ధంగా లేదని గట్టిగా నమ్మినవాడు. 1802 నవంబరులో రాజ్యాంగ సమావేశం ముందే నిలబడి, కాంగ్రెస్ చేసిన చట్టాన్ని తూలనాడితే అధ్యక్షుడు జెఫర్సన్ అతన్ని పదవి నుంచి తొలగించాడు. 1803 జనవరిలో జరిగిన తొలి ఎన్నికలో ఎడ్వర్డ్ టిఫిన్ అనే వైద్యుడు దాదాపు పోటీ లేకుండా గెలిచాడు. ఒహాయో మీద సెయింట్ క్లెయిర్ వేసిన ముద్ర ఆ ఎన్నికలోకన్నా రాజ్యాంగంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త గవర్నర్‌కు వీటో అధికారమే ఇవ్వలేదు. ఆ అధికారం ఒహాయో గవర్నర్‌కు దక్కింది 1903లో. ఒక్క మనిషి మీది కోపం ఒక రాష్ట్రపు పాలనను వందేళ్లపాటు మలిచింది.

ఇదే టిఫిన్ రాజ్యాంగ సమావేశానికి అధ్యక్షుడు కూడా. నల్లజాతి పురుషులకు ఓటు ఇవ్వాలా అన్న ప్రశ్న మీద సభ చెరి సగంగా చీలినప్పుడు, అధ్యక్షుడిగా అతను వేసిన ఓటుతోనే ఆ హక్కు పోయింది. స్వపరిపాలన కథ చెప్పేవాళ్లు ఈ ఓటును దాటేయకూడదు. నియమిత పాలన నుంచి విముక్తి పొందిన రోజునే ఎవరు లోపల ఉండాలో, ఎవరు బయట ఉండాలో కూడా తేల్చేశారు.

ఇండియానాలో 1816లో పోటీ నేరుగా జరిగింది. ఒకవైపు టెరిటరీ గవర్నర్ థామస్ పోసీ, ఇంకోవైపు కాంగ్రెస్‌కు టెరిటరీ ప్రతినిధిగా ఉన్న జోనథన్ జెన్నింగ్స్. పోసీ అనారోగ్యంతో ఉన్నాడు. రాజధాని కోరిడాన్ వదిలి, లూయిస్‌విల్‌లోని తన వైద్యుడికి దగ్గరగా ఉంటుందని జెఫర్సన్‌విల్‌లో కాపురం పెట్టాడు. రాష్ట్ర హోదాకు ఇంకా తొందరేమిటన్నాడు. జెన్నింగ్స్ వయసు 32. బానిసత్వాన్ని ఇండియానాలోకి రానివ్వకూడదన్న వర్గానికి నాయకుడు, జూన్ నెలలో కోరిడాన్‌లో జరిగిన రాజ్యాంగ సమావేశానికి అధ్యక్షుడు. ఆగస్టు 5న జెన్నింగ్స్‌కు 5,211 ఓట్లు, పోసీకి 3,934 వచ్చాయి. నియమితుణ్ని ప్రజలు దించారన్న వాదానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. నా మట్టుకు నేను ఇందులో నియామకం కన్నా రాష్ట్ర హోదా మీదా, బానిసత్వం మీదా ఇద్దరూ ఎటు నిలబడ్డారన్నదే ఎక్కువ పనిచేసిందని అనుకుంటాను. రెండేళ్లకు జెన్నింగ్స్ చేసిన పని కూడా చూడాలి. 1818లో గవర్నర్‌గా ఉంటూనే కేంద్రం తరఫున కమిషనర్‌గా వెళ్లి, సెయింట్ మేరీస్ ఒప్పందం ద్వారా మధ్య ఇండియానా భూములను ఆదివాసుల నుంచి తీసుకున్న వాళ్లలో అతనొకడు. ఒకేసారి రెండు పదవులు చేయకూడదని రాజ్యాంగం చెబుతుండగా ఇదేమిటని లెఫ్టినెంట్ గవర్నర్ క్రిస్టఫర్ హారిసన్ తానే గవర్నర్‌నని ప్రకటించుకునేదాకా వెళ్లింది గొడవ. జెన్నింగ్స్ పదవి మాత్రం నిలిచింది.

ఇక మిస్సోరి. క్లార్క్ ఓటమిని అర్థం చేసుకోవాలంటే 1820లో అక్కడి రైతు ఎలా ఉన్నాడో చూడాలి. అంతకు ముందు ఏడాది దేశమంతటా ఆర్థిక సంక్షోభం. ఎకరం 2 డాలర్ల చొప్పున అప్పు మీద ప్రభుత్వ భూమి కొన్నవాళ్లు వాయిదాలు కట్టలేక చేతులెత్తేశారు. 1820 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త చట్టం ధరను ఎకరం డాలరుంబావుకు తగ్గించింది, అమ్మే కనీస విస్తీర్ణాన్ని 80 ఎకరాలు చేసింది, కానీ అప్పు పద్ధతిని ఎత్తేసింది. చేతిలో రొక్కం లేనివాడికి ఆ ధరా అందదు. అటువంటి వాడు సర్కారు భూమిలోనో, ఆదివాసుల భూమిలోనో గుడిసె వేసుకుని, సాగు చేసుకుంటూ, దున్నినవాడికే కొనుక్కునే మొదటి హక్కు ఇవ్వమని అడుగుతున్నాడు. మరోపక్క స్పెయిన్ పాలన నాటి దానపత్రాలు పట్టుకుని వేల ఎకరాలు తమవేనంటున్న సెయింట్ లూయిస్ ఫ్రెంచి కుటుంబాలూ, వాళ్ల లాయర్లూ ఉన్నారు.

క్లార్క్‌ను జనం ఆ రెండో గుంపు మనిషిగా చూశారు. అతని హోదాలో ఉన్న చిక్కు కూడా అంతకంతే. టెరిటరీ గవర్నర్ అంటే ఆ ప్రాంతంలో ఆదివాసీ వ్యవహారాలకూ అతనే అధికారి. ఒప్పందం కింద ఆదివాసులకు మిగిల్చిన భూమిలోకి చొరబడ్డ తెల్ల సెటిలర్లను ఖాళీ చేయమనే ఉత్తర్వుల మీద సంతకం పెట్టాల్సింది అతను. ఖాళీ చేయాల్సిన వాళ్లే రేపటి ఓటర్లు. మెక్‌నెయిర్ సెయింట్ లూయిస్ భూమి కార్యాలయంలో రిజిస్ట్రార్‌గా పనిచేశాడు. పట్టా కోసం వచ్చే సామాన్యుడి ముఖం తెలిసినవాడు. ఎవరు ఎవరి పక్షాన ఉన్నారన్నది ఓటరు అక్కడే తేల్చుకున్నాడు. దీనికి తోడు క్లార్క్ ప్రచార సమయంలో చాలాభాగం మిస్సోరిలోనే లేడు. భార్య జూలియా జబ్బుపడి, వర్జీనియాలోని పుట్టింట్లో జూన్ 27న చనిపోయింది. ఒక మనిషి జీవితంలోని ఆ దుఃఖాన్ని ఎన్నికల విశ్లేషణలో చిన్న కారణంగా రాసి వదిలేయడం నాకు కష్టంగానే ఉంది. అయినా దాదాపు 4,000 ఓట్ల తేడాను అతను ఊళ్లో లేకపోవడం ఒక్కటే వివరించలేదు.

తరువాత జరిగినవి ఇంకా చెప్పుకోదగ్గవి. అప్పులపాలైన వాళ్లను ఆదుకోవడానికి మెక్‌నెయిర్ కాలంలో మిస్సోరి ప్రభుత్వం 1821లో సొంతంగా రుణపత్రాలు అచ్చువేసింది. అవి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1830లో కొట్టేసింది. ఆదివాసులకు అనుకూలుడన్న ముద్రతో ఓడిన క్లార్క్ 1822 నుంచి 1838లో చనిపోయేదాకా సెయింట్ లూయిస్‌లోనే ఆదివాసీ వ్యవహారాల సూపరింటెండెంట్‌గా ఉండి, పదుల కొద్దీ ఒప్పందాలతో లక్షల ఎకరాలు తెల్ల సెటిలర్లకు దఖలు పరిచాడు. అంటే భూమి ఆదివాసుల చేతుల్లోంచి పోవాలన్న విషయంలో ఓడినవాడికీ గెలిచినవాడికీ భేదం లేదు. ఎంత త్వరగా పోవాలన్న దగ్గరే భేదం.

మిస్సోరి ఎన్నికలో ఇంకొక విశేషం కాలానికి సంబంధించినది. మెక్‌నెయిర్ 1820 సెప్టెంబరులో పదవి చేపట్టాడు. మిస్సోరి యూనియన్‌లో చేరింది 1821 ఆగస్టు 10న. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు రాష్ట్రంలో అడుగుపెట్టకుండా చూడాలని రాసుకున్న నిబంధన మీద కాంగ్రెస్‌లో పెద్ద వివాదం రేగి, ఆ పదకొండు నెలలు ఇంకా లేని రాష్ట్రానికి ఎన్నికైన గవర్నర్ పాలించాడు. మనకు ఇది కొత్తగా అనిపించదు. తెలంగాణ తొలి శాసనసభకు 2014 ఏప్రిల్ 30న పోలింగ్ జరిగింది, రాష్ట్రం వచ్చింది జూన్ 2న. అయితే మన దగ్గర విభజన చట్టం అప్పటికే అయిపోయింది. అమెరికాలో చాలాచోట్ల ఎన్నికే ఒక ఒత్తిడి సాధనం: మేం రాజ్యాంగం రాసుకున్నాం, గవర్నర్‌ను ఎన్నుకున్నాం, ఇప్పుడు మమ్మల్ని చేర్చుకోకుండా ఎలా ఉంటారని కాంగ్రెస్‌ను నిలదీయడం.

ఆ ఎత్తును అందరికంటే గట్టిగా వేసినవాడు మిషిగన్‌లో స్టీవెన్స్ మేసన్. 19 ఏళ్లకే టెరిటరీ కార్యదర్శిగా నియమితుడై, 1834లో గవర్నర్ చనిపోతే తాత్కాలిక గవర్నర్ అయ్యాడు. టోలెడో పట్టణం ఉన్న సన్నటి సరిహద్దు భూమి కోసం ఒహాయోతో తగవు ముదిరి రెండు వైపులా సైన్యాలు కదిలితే, అధ్యక్షుడు జాక్సన్ 1835 ఆగస్టులో మేసన్‌ను తొలగించాడు. అక్టోబరులో ఓటర్లు అతన్నే భారీ మెజారిటీతో గవర్నర్‌గా ఎన్నుకున్నారు. అప్పటికి అతని వయసు 23. నియామకం మీద వచ్చినవాడే ప్రజల మనిషి అయ్యాడు, ఎందుకంటే భూమి విషయంలో వాషింగ్టన్‌ను ఎదిరించాడు. మిషిగన్ మాత్రం టోలెడో వదులుకుని, ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం తీసుకుని 1837 జనవరిలో యూనియన్‌లో చేరింది.

మేసన్ ఒక్కడే అయితే మినహాయింపు అనుకోవచ్చు. కానీ లూసియానాలో 1812లో గెలిచిన విలియం క్లెయిబోర్న్ ఎవరు? 1803 నుంచి కేంద్రం నియమించిన పాలకుడు, ఇంగ్లిష్ మాట్లాడే ప్రొటెస్టెంటు. ఫ్రెంచి మాట్లాడే క్యాథలిక్ పెద్దలు అతని పాలన మీద 1804లోనే వాషింగ్టన్‌కు అర్జీ పంపారు. ఆ తర్వాత అతను వాళ్ల కుటుంబాల్లోనే పెళ్లి చేసుకున్నాడు, వాళ్లతో సర్దుకుపోవడం నేర్చుకున్నాడు, క్రియోల్ అభ్యర్థి జాక్ విల్లెరేను ఓడించాడు. మిసిసిపిలో 1817లో టెరిటరీ గవర్నర్ డేవిడ్ హోమ్స్‌కు పోటీయే లేదు. అలబామాలో 1819లో టెరిటరీ గవర్నర్ విలియం బిబ్ గెలిచాడు. పత్తి భూములు వేగంగా అమ్ముడవుతున్న ఆ దక్షిణ రాష్ట్రాల్లో నియమిత గవర్నరూ, తోటల యజమానులూ ఒకే మాట మీద ఉన్నారు, అందుకే ఎవరినీ దింపాల్సిన అవసరం రాలేదు. ఫ్లోరిడాలో మాత్రం 1845లో మాజీ టెరిటరీ గవర్నర్ రిచర్డ్ కీత్ కాల్ ఓడిపోయాడు. అక్కడి ఓటర్ల కోపం బ్యాంకుల మీద, టెరిటరీ పరపతిని తాకట్టు పెట్టి తెచ్చిన బాండ్ల మీద.

కాలిఫోర్నియా అసలు టెరిటరీ దశే చూడలేదు. సైనిక గవర్నర్ బెనెట్ రైలీ పాలన నుంచి నేరుగా 1849 నవంబరు 13న ఎన్నికకు వెళ్లింది. వానలో జరిగిన ఆ పోలింగ్‌లో బంగారం వేటలో ఉన్న చాలామంది ఓటు వేయనేలేదు. గెలిచిన పీటర్ బర్నెట్ శాక్రమెంటోలో సట్టర్ కుటుంబపు స్థలాలను ప్లాట్లుగా అమ్మే ఏజెంటుగా డబ్బు సంపాదించినవాడు, ఓడినవాళ్లలో జాన్ సట్టర్ కూడా ఉన్నాడు. 1851 జనవరిలో బర్నెట్ శాసనసభకు పంపిన సందేశంలో ఆదివాసీ జాతి అంతరించేదాకా యుద్ధం సాగక తప్పదని రాశాడు. అదే నెలలో రాజీనామా చేశాడు. ఎన్నికైన తొలి గవర్నర్ నోట అధికారికంగా వచ్చిన ఆ మాట చదివాక, ఓటు రావడమే న్యాయం రావడమని ఎవరూ అనలేరు.

మిన్నెసోటా 1857 ఎన్నిక గురించి కాస్త నిదానంగా చెప్పాలి. రిపబ్లికన్లూ, డెమొక్రాట్లూ ఒకే హాల్లో కూర్చోవడానికి ఒప్పుకోక సెయింట్ పాల్‌లో విడివిడిగా రెండు రాజ్యాంగ సమావేశాలు జరుపుకున్నారు. చివరికి రాజీ కుదిరినా ఒకరి కాగితం మీద మరొకరు సంతకం పెట్టలేదు. చిన్న చిన్న తేడాలతో రెండు ప్రతులు తయారయ్యాయి. అక్టోబరు 13న డెమొక్రాట్ హెన్రీ సిబ్లీకి 17,790 ఓట్లు, మాజీ టెరిటరీ గవర్నర్ అలెగ్జాండర్ రామ్సేకు 17,550 వచ్చాయి. తేడా 240. ఉత్తరాన పెంబినా వంటి చోట్ల దొంగ ఓట్లు పడ్డాయన్న ఆరోపణలు అప్పుడే వచ్చాయి. పైకి చూస్తే నియమితుడు ఓడాడు, ప్రజాప్రతినిధి గెలిచాడు. లోపలికి వెళ్తే ఇద్దరూ పాత పరిచయస్తులే. 1851లో డకోటా తెగల నుంచి సుమారు 2.4 కోట్ల ఎకరాలు తీసుకున్న ఒప్పందాలను కేంద్రం తరఫున కుదిర్చిన వాళ్లలో రామ్సే ఒకడు. ఆ ఒప్పందాల సొమ్ములోంచి తమ పాత బాకీలంటూ పెద్ద మొత్తం తీసుకున్న బొచ్చు తోళ్ల వ్యాపారుల్లో సిబ్లీ ముఖ్యుడు. రామ్సే మీద సెనేట్ విచారణ జరిపి వదిలేసింది. 1862లో ఆకలితో, బకాయిపడ్డ చెల్లింపుల కోపంతో డకోటాలు తిరగబడినప్పుడు గవర్నర్ రామ్సే, సైన్యాన్ని నడిపింది సిబ్లీ. సిబ్లీ వేసిన సైనిక కమిషన్ 303 మందికి మరణశిక్ష విధించింది. అధ్యక్షుడు లింకన్ వాటిలో చాలావాటిని తగ్గించాక, డిసెంబరు 26న మన్కాటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. 240 ఓట్ల తేడా మీద చరిత్రకారులు ఖర్చుపెట్టిన సిరాలో సగమైనా ఆ తొలి ఎన్నిక ఇద్దరు అభ్యర్థులనూ కలిపి ఉంచిన ఈ లంకె మీద పెట్టి ఉంటే బాగుండేది.

కాన్సస్‌లో చార్లెస్ రాబిన్సన్ కథ వేరే రకం. 1850లో శాక్రమెంటోలో సట్టర్ పట్టాలను ఒప్పుకోని ఆక్రమణదారుల అల్లర్లలో తూటా దెబ్బ తిని జైలుకెళ్లి, అక్కడినుంచే కాలిఫోర్నియా శాసనసభకు ఎన్నికైనవాడు. కాన్సస్‌కు వచ్చి బానిసత్వ వ్యతిరేకుల నాయకుడయ్యాడు. 1856లో వాళ్లు సొంతంగా రాసుకున్న టొపీకా రాజ్యాంగం కింద గవర్నర్‌గా ఎన్నికై, రాజద్రోహ నేరం మీద నెలల తరబడి నిర్బంధంలో ఉన్నాడు. 1859 డిసెంబరులో అప్పటి టెరిటరీ గవర్నర్ శామ్యూల్ మెడరీని ఓడించి చట్టబద్ధంగా ఎన్నికయ్యాడు. పదవి చేపట్టడానికి మాత్రం 1861 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే దక్షిణాది సెనేటర్లు సభ వదిలి వెళ్లేదాకా కాన్సస్ చేరిక కదల్లేదు. ఇక్కడ నియామకానికి వ్యతిరేకంగా పడిన ఓటు నిజంగానే న్యాయం పక్షాన పడింది. పాత విజయగాథ కాన్సస్‌కు సరిగ్గా సరిపోతుందని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నెబ్రాస్కాలో 1866లో డేవిడ్ బట్లర్ 145 ఓట్లతో గెలిచాడు. డెమొక్రాట్లకు ఆధిక్యం ఉన్న ఒక కేంద్రంలో, అధికారులు ఓట్ల పెట్టెతో సహా భోజనానికి లేచారన్న కారణం చూపి మొత్తం ఓట్లను తోసిపుచ్చారు. ఓటు తెల్లవాళ్లకే అని రాసుకున్న రాజ్యాంగాన్ని మార్చుకుంటేనే చేర్చుకుంటామని కాంగ్రెస్ పట్టుబట్టింది. 1871లో బట్లర్ అభిశంసనకు గురై పదవి పోగొట్టుకున్నాడు.

శతాబ్దం చివరికి వచ్చేసరికి నియమితుడా, ఎన్నికైనవాడా అన్న పోటీ దాదాపు ఆరిపోయింది. కొలరాడోలో 1876లో గెలిచిన జాన్ రౌట్ అప్పటిదాకా టెరిటరీ గవర్నరే. 1889లో వాషింగ్టన్ రాష్ట్రంలో గెలిచిన ఎలిషా ఫెర్రీ, ఓడిన యూజీన్ సెంపుల్ ఇద్దరూ మాజీ టెరిటరీ గవర్నర్లు. సౌత్ డకోటాలో మెల్లెట్, ఐడహోలో షూప్, వయోమింగ్‌లో ఫ్రాన్సిస్ వారెన్ నిన్నటి నియమితులే, నేటి విజేతలు. అప్పటికి రైల్వేలూ, గనులూ, పశువుల కంపెనీలూ, పార్టీ యంత్రాంగాలూ టెరిటరీ రాజకీయాన్ని నడుపుతున్నాయి. గవర్నర్ ఎక్కడినుంచి వచ్చాడన్నది పెద్ద ప్రశ్న కాలేదు. ఆ దశలో చూడాల్సింది స్త్రీల ఓటు. వయోమింగ్‌లో 1890 సెప్టెంబరులో స్త్రీలు తొలి గవర్నర్ ఎన్నికలో ఓటు వేశారు. వాషింగ్టన్‌లో టెరిటరీ కాలంలో 1883 నుంచి కొన్నేళ్లు ఓటు వేసి, కోర్టు తీర్పుతో ఆ హక్కు పోగొట్టుకున్న స్త్రీలు 1889లో పక్కన నిలబడి చూశారు. యూటాలో 1870లో వచ్చిన ఓటును 1887లో కాంగ్రెస్ తీసేసింది. 1895లో హీబర్ వెల్స్ గెలిచిన రోజున, తమకు ఓటు తిరిగి ఇస్తున్న రాజ్యాంగం మీదే ఓటు వేయడానికి స్త్రీలను అనుమతించలేదు.

చరిత్రకారులు దీన్ని ఎలా చదివారు? ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో షికాగోలో చేసిన ప్రసంగం సరిహద్దు ప్రాంతమే అమెరికా ప్రజాస్వామ్యాన్ని పెంచిందని చెప్పింది. తొలి ఎన్నికల విజయగాథకు సిద్ధాంత బలం అక్కడినుంచే వచ్చింది. ఎర్ల్ పామరాయ్ 1947లో టెరిటరీల పాలన యంత్రాంగాన్ని దగ్గరగా చూపించి, వాషింగ్టన్‌కూ పశ్చిమానికీ మధ్య ఉన్నది కేవలం దొర, దాసుడి సంబంధం కాదని తెలియజేశాడు. 1987లో పట్రీషియా లిమెరిక్ వచ్చి పశ్చిమ చరిత్రను ఆక్రమణ చరిత్రగా, భూమి ఆస్తిగా మారిన చరిత్రగా చదవమంది. తొలి గవర్నర్ ఎన్నికలకు లిమెరిక్ చూపే నాకు ఎక్కువ పనికొచ్చింది. క్లార్క్ ఓటమికీ, క్లెయిబోర్న్ గెలుపుకూ ఒకే కొలత సరిపోవాలంటే, నియామకం అన్నది ఆ కొలత కాజాలదు. ఓటు ఉన్నవాడికి భూమి దక్కే దారిలో అభ్యర్థి అడ్డుగా కనిపించాడా, తోడుగా కనిపించాడా అన్నదే ఆ కొలత.

ఓటు లేనివాళ్ల లెక్క ఈ ఎన్నికల పట్టికల్లో ఎక్కడా కనబడదు. ఎవరి భూమి కోసం ఆ పోటీలు జరిగాయో ఆ ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం చట్టం ద్వారా వచ్చింది 1924లో. యూటాలో, ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ ప్రాంతాల్లో నివసించే వాళ్లకు ఓటు లేదన్న చట్టాన్ని 1957లో గానీ రద్దు చేయలేదు.